రెండో సంతకం

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. పెద్ద గొడుగు చూస్తే అమ్మ మంచం కింద ఉంది. దాన్ని అక్కడి నుంచి బయటికి రప్పించడం ఎలాగో కూతురికి పాలుపోవడం లేదు. ఊచలన్నీ విరిగిన గొడుగునైనా సాయంత్రానికల్లా నిలబెట్టగలదు గానీ, అమ్మ వద్దన్న పని చేయించడం ఆమె వల్ల ఏనాడూ కాలేదు. అమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే అది తోకంటుంది.

పెద్ద గొడుగంటే గొడుగు కాదు, నలభై అడుగుల తెల్ల గుడ్డ. ప్రార్థన మందిరం ముందు వాకిట్లో ఆరు స్తంభాలకు కట్టే పందిరి. మందిరం లోపల అరవైమంది పడతారు, అదీ ఒకరి మోకాలు ఒకరికి గుచ్చుకుంటే. మిగిలినవాళ్ళందరికీ వాకిట్లో ఆ గుడ్డే నీడ. వీధిలో పెళ్ళయినా, చావయినా, బడిపిల్లల పాటల పోటీ అయినా అడిగినవాళ్ళకల్లా నాన్న దాన్ని భుజాన వేసుకుని వెళ్ళి కట్టి వచ్చేవాడు. ఆయనది గొడుగులు బాగుచేసే కొట్టు కాబట్టి జనం దాన్ని పెద్ద గొడుగు అన్నారు. ఆయన్ని మడతల సిపాయి అన్నారు. పేర్లు పెట్టడంలో ఆ వీధిని మించింది లేదు.

సిపాయి అన్న మాట ఉత్తది కాదు. నాన్న ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉన్నాడు. తుపాకీ పట్టింది తక్కువ, గుడ్డ పట్టింది ఎక్కువ. విమానంలోంచి దూకేవాళ్ళ పారాచూట్లు మడవడం ఆయన పని. కాలం చెల్లిన పారాచూట్లను పారేయబోతుంటే అడిగి తెచ్చుకుని, ఇంటికొచ్చాక అమ్మా ఆయనా ఒక్క కుట్టుమిషను మీద ఏడాదిపాటు కూర్చుని, బత్తాయి తొనల్లాంటి ముక్కల్ని పక్కపక్కన కలిపి ఆ పందిరి కుట్టారు.

నాన్న పోయి నెల తిరిగింది. ఈ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన్ని తలుచుకునే సభ పెట్టారు. మూడువందలమంది దాకా వస్తారని అంచనా. ఎండలు చూస్తే మండిపోతున్నాయి.

"పెద్దగొడుగు లేకుండా ఆయన సభా?" అన్నాడు మందిరం పెద్ద, కొట్టు ముందు నిలబడి చెమట తుడుచుకుంటూ. "అద్దె పందిరి వేస్తే ఆయన ఫొటోలోంచి లేచొచ్చి ముడులు విప్పేస్తాడమ్మా. మీ అమ్మగారితో నువ్వే ఒకమాట చెప్పి చూడు."

ఆమె ఒక మాట కాదు, పది మాటలు చెప్పి చూసింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని నాన్న చొక్కాలకు ఊడని బొత్తాలు కుడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"అది మీ నాన్న ఆఖరిసారి చేత్తో మడిచిన మూట. విప్పితే మళ్ళీ ఆయనొచ్చి మడుస్తారా?"

నిజం చెప్పాలంటే కూతురికీ అదే బాధ. ఆ మూట చదరంగా, అంచులు కత్తితో కోసినట్టు, మంచం కింద చీకట్లో బుద్ధిగా ఉంది. అందులో నాన్న చేతులున్నట్టే ఉంటుంది. విప్పితే ఆ చేతులు గాలిలో కలిసిపోతాయి. మళ్ళీ అలా మడవడం తనకు రాదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మడతల సిపాయి కూతురికి మడవడం రాదంటే వీధంతా నోరెళ్ళబెడుతుంది.

రాకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచి ఆమె పని ఇసుక సంచులు. మందిరం వాకిట్లో గుడ్డ దించాక నాన్న ఒక కొస, అమ్మ ఇంకో కొస పట్టుకునేవాళ్ళు. మడిచిన మడత జారిపోకుండా, గాలి దూరకుండా, అరచేతి పాటి ఇసుక సంచుల్ని దాని మీద వరసగా పెట్టేది ఆమె. సైన్యంలో అలాగే చేస్తారట. "మా సంచుల సైన్యాధిపతి" అని నాన్న ఆమె తల నిమిరేవాడు. ఆ పదవి ఆమెకి ఎంత నచ్చిందంటే, అసలు పని నేర్చుకోవాలన్న ఆలోచనే రాలేదు.

అంతకన్నా బాగా గుర్తున్నది, మడవడానికి ముందు గుడ్డని ఒక్కసారి పైకి ఎగరేయడం. అమ్మా నాన్నా చేతులు పైకెత్తి, "ఊఁ" అనుకుని గుడ్డని విదిలిస్తే, అది గాలి మింగి ఇంతెత్తున లేచి నిలబడేది. అప్పుడు ఆమె పరుగెత్తుకెళ్ళి దాని కింద వెల్లకిలా పడుకునేది. ఎండ గుడ్డలోంచి వడపోసినట్టు దిగేది. అంతా తెలుపు. వాకిలి లేదు, వీధి లేదు, రేపటి లెక్కల పరీక్ష లేదు. గుడ్డ మెల్లగా, చాలా మెల్లగా, ఎప్పటికీ నేలకి తాకదేమో అన్నంత మెల్లగా కిందికి దిగేది. ఆ తెలుపు వెనక ఎక్కడి నుంచో నాన్న గొంతు వినిపించేది.

"గాలి పోనివ్వండి. తొందరేం లేదు. గాలి దానంతటదే పోతుంది."

ఇప్పుడు కొట్టులో కూర్చుని గొడుగుకి ఊచ కడుతున్నా మధ్యమధ్య ఆ తెలుపు ఆమె కళ్ళ మీదికి దిగుతుంది. బేరానికొచ్చినవాళ్ళు "అమ్మా, అమ్మా" అని రెండుసార్లు పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాదు. నెల రోజులుగా ఇదే వరస.

శుక్రవారం తమ్ముడు వచ్చాడు. బస్సు నడుపుతాడు. వంద అడుగుల దూరంలో ఉన్నవాడితో మాట్లాడినట్టు పక్కనున్నవాళ్ళతో మాట్లాడతాడు. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇంత చిన్నదానికి ఏడుపెందుకక్కా? అమ్మ స్నానానికి వెళ్ళగానే మూట లాగేద్దాం. వచ్చేసరికి నేను మందిరంలో ఉంటాను. తర్వాత తిడితే తిట్టనీ, మనకేం కొత్తా?"

తప్పని ఆమెకి తెలుసు. అయినా వద్దనలేదు. అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళింది. తమ్ముడు మంచం కింద దూరాడు. దూరేటప్పుడు దూరాడు గానీ, మూట పట్టుకున్నాక వెనక్కి రాలేకపోయాడు. అతని పొట్ట ఈ మధ్య అతని మాట వినడం లేదు. ఆమె కాళ్ళు పట్టుకుని లాగుతోంది. మంచం కిర్రుమంటోంది. ఈలోగా సబ్బు మరిచిపోయిన అమ్మ వెనక్కి వచ్చింది.

గుమ్మంలో నిలబడి కొంతసేపు చూసింది.

"బస్సు మీద కూర్చుని నడిపేవాడివి, కిందికి దూరావేంట్రా?"

మంచం కింద కుక్కిన పేను చప్పుడు చేయలేదు. ఇంకోరోజైతే ముగ్గురూ పగలబడి నవ్వేవాళ్ళే. అమ్మ నవ్వలేదు. మంచం మీద కూలబడి, "నా ప్రాణం పోయాక విప్పుకోండి" అంది. ఆ గొంతులో ఉన్నది మొండితనం కాదు, భయం. ఆమె తమ్ముడి కాళ్ళు వదిలేసింది. అమ్మకి భయమేమిటి? ఆ మూటలో ఏముంది భయపడడానికి?

శనివారం మధ్యాహ్నం తమ్ముడు డ్యూటీకి పోయాడు. ఇంట్లో తల్లీకూతుళ్ళే. వీధి కునుకు తీస్తోంది. కిటికీ తెర కొంచెం ఉబ్బి, కొంచెం తగ్గి, ఊపిరి తీస్తున్నట్టుంది. ఆమె నేల మీద మంచానికి ఆనుకుని కూర్చుంది. వెనక్కి చెయ్యి చాస్తే మూట తగిలింది. లాగలేదు, ఊరికే నిమిరింది.

"అమ్మా, అద్దె పందిరే వేయమని చెప్పేస్తాను. నిన్ను ఏడిపించి సభ చేసుకుంటే నాన్న సంతోషిస్తాడా? కానీ ఒక్కటి చెప్పు. నిజంగా నాన్న చేతి మడతని దాచుకోవాలనేనా?"

మంచం మీంచి అమ్మ గొంతు వచ్చింది, చాలా చిన్నగా.

"అందులో చీటీ ఉంటుంది కదే. దాని మీద నా సంతకం లేదు."

చీటీ సంగతి ఆ ఇంట్లో పిల్లలకి ఉగ్గుపాలతో పోశారు. సైన్యంలో ప్రతి పారాచూటు సంచి జేబులోనూ ఒక చీటీ పెడతారట. మడిచినవాడు మొదటి సంతకం పెట్టాలి. పక్కన నిలబడి ప్రతి మడతా చూసినవాడు రెండో సంతకం పెట్టాలి. రెండో సంతకం లేని మూట ఎంత చక్కగా మడిచినా చెల్లదు. ఎవరి వీపుకీ కట్టకూడదు. "దూకేవాడికి మన ముఖం తెలియదు" అనేవాడు నాన్న. "మడిచినవాణ్ణి చూడకుండానే దూకుతాడు. దేవుణ్ణి నమ్మడం కూడా అంతే కదా? అలా నమ్మినవాడికి మనలో ఒక్కరి చెయ్యి చాలదు, ఇద్దరివి కావాలి." సైన్యం వదిలాక కూడా ఆ అలవాటు వదల్లేదు. పెద్ద గొడుగు మడిచిన ప్రతిసారీ చీటీ రాసేవాడు. మొదటి సంతకం తనది, రెండోది అమ్మది. అమ్మ విసుక్కునేది. "మడతపేచీ మనిషి. దీన్ని కట్టుకుని ఎవరు దూకుతారండీ?" అనేది. అంటూనే కొంగుకి చేతులు తుడుచుకుని సంతకం పెట్టేది.

"ఆ రోజు నేను వెళ్ళలేదే" అంది అమ్మ. "ఎదురింటి దర్జీ కూతురి పెళ్ళికి పందిరి కట్టారు కదా. గుండె జాగ్రత్త, బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పి వారం కాలేదు. వేళ కాని వానలో తడుస్తూ వెళ్ళి నిచ్చెనెక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మడవడానికి రమ్మని గుమ్మంలో నిలబడి పిలిచారు. ‘నేను రాను, మీ గుడ్డ మీరే మడుచుకోండి’ అన్నాను. కాసేపు నిలబడ్డారు. ఇంకోసారి పిలుస్తారనుకున్నాను. పిలిస్తే వెళ్ళేదాన్నే. పిలవలేదు. ఒక్కరే వెళ్ళి మడుచుకొచ్చి మంచం కింద పెట్టారు. రెండ్రోజులు నేను పలకలేదు. మూడోరోజు కొట్టులో కుర్చీలోనే..."

కూతురు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇద్దరూ ఏడుస్తారని తెలుసు. తిరగకపోయినా ఏడ్చారు. నలభై ఆరేళ్ళలో అమ్మ వెళ్ళని రోజు అదొక్కటే, ఆ ఒక్కటీ ఆఖరిదయింది. ఆ ఖాళీ గీతను చూడలేకే నెల రోజులుగా దాని మీద పడుకుంటోంది.

ఏడుపు దానంతటదే తగ్గింది. తెర మళ్ళీ ఉబ్బింది. ఆమెకి నాన్న గొంతు వినిపించినట్టయింది, తెలుపు వెనక నుంచి. ఏమంటున్నాడో తెలియలేదు గానీ, తన నోటికి మాట వచ్చింది.

"అమ్మా, రెండో సంతకం లేని మూటని ఏం చేయాలి?"

"ఏం చేస్తారు? చెల్లదు."

"చెల్లకపోతే? అలాగే దాచిపెడతారా?"

నాన్న నోటి నుంచి వెయ్యిసార్లు విన్న రూలు. విప్పాలి. ఇద్దరు కలిసి మొదటి నుంచి మళ్ళీ మడవాలి. పెళ్ళాం ముద్దుగా మడిచిందైనా, అధికారి మడిచిందైనా అంతే.

మంచం కిర్రుమంది. అమ్మ దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ వంగి, మూటని తానే బయటికి లాగింది.

ఆదివారం పొద్దున్నే ఎండ రాకముందు మందిరం వాకిట్లో మూట విప్పారు. ఒక్కో మడతా తెరుచుకుంటూ పోయింది. ఆఖరి మడతలో, ఎప్పుడూ పెట్టే చోటే, చీటీ ఉంది. ఆమె తీయబోయి ఆగింది. అమ్మే తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని చూసి, చీటీని కూతురి చేతికిచ్చి గుడ్డ అంచు మీద కూర్చుంది.

మొదటి గీత మీద నాన్న సంతకం లేదు. రెండో గీతా ఖాళీయే. కింద పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"ఒక్కణ్ణే చుట్టబెట్టాను. లెక్కలోకి రాదు. ఆవిడ కోపం తగ్గాక ఇద్దరం మళ్ళీ మడవాలి."

ఆమె రెండుసార్లు చదివింది. అమ్మ తన తప్పనుకుని నెల రోజులు మోసినదాన్ని ఆయన అసలు మడతగానే లెక్కపెట్టలేదు. ఆయన లెక్కలో ఆఖరి మడత అంతకుముందుదే, రెండు సంతకాలూ ఉన్నదే.

"చూశావుటే" అంది అమ్మ, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా. "నా కోపం ఎప్పుడు తగ్గుతుందో కూడా ఆయనకి లెక్కే. నన్నడిగి రాయొచ్చు కదా!"

పందిరి లేచింది. తమ్ముడు నిచ్చెనెక్కి ముడులు వేశాడు. కింద నుంచి అమ్మ, "ఆ ముడి కాదురా, ఆయన ముడి" అని అరుస్తూనే ఉంది. మూడువందలనుకుంటే నాలుగువందలమంది వచ్చారు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. దర్జీ లేచి నాలుగు మాటలు చెప్పలేక కూర్చుండిపోయాడు. వరదలప్పుడు నాన్న ఆరు కుటుంబాలని ఈ గుడ్డ కింద పదకొండు రోజులు ఉంచి, తానూ అమ్మా వంతులేసుకుని వండిపెట్టిన సంగతి బడి పంతులమ్మ చెప్పింది. మందిరం పెద్ద అయితే, ముప్ఫై ఏళ్ళు ఆఖరి వరసలో గుమ్మం పక్కన కూర్చుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి తన కుర్చీ ఇచ్చేసి నిలబడే ప్రార్థన చేసిన మనిషి మళ్ళీ దొరకడన్నాడు. ఆయన నిద్ర రాకుండా నిలబడేవాడని తమ్ముడు గొణిగాడు. నలుగురు నవ్వారు. అదీ నిజమే.

చివర్లో ఎవరికీ తెలియని ముసలాయన ఒకరు చేతికర్ర ఊతంగా లేచారు. మూడు బస్సులు మారి వచ్చారట.

"నేను ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన మడిచిన పారాచూట్లతో పద్దెనిమిదిసార్లు దూకాను. చీటీ మీద ఆ సంతకం చూసుకుంటే చాలు, భయం వేసేది కాదు. ముఖం మాత్రం ఇవాళే చూస్తున్నాను" అని ఫొటో వైపు తిరిగారు.

ఆమె పందిరి కింద కూర్చుని పైకి చూసింది. ఎండ వడపోసినట్టు దిగుతోంది. నాలుగువందల ముఖాల మీదా అదే తెలుపు. వీళ్ళంతా, తనతో సహా, ఇన్నేళ్ళూ దూకుతూనే ఉన్నారు కాబోలు, ఎవరు మడిచిన గుడ్డని నమ్ముకున్నామో చూసుకోకుండా. నాన్న లేడన్న బాధ తగ్గలేదు. కానీ మొదటిసారి అది దిగడానికీ ఎక్కడో ఒక నేల ఉంటుందనిపించింది.

జనం పలచబడ్డాక గుడ్డ దించారు. తమ్ముడు ఒక కొస పట్టుకోబోతే అమ్మ వాడి చేతి మీద ఒక్కటిచ్చింది.

"నువ్వు సంచులు పెట్టు."

"నేనా? అది అక్క పని కదా!"

"అక్కకి పదోన్నతి వచ్చింది" అంది అమ్మ. వెళ్ళి నాన్న ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. తను నిలబడే చోటు కూతురికి చూపించింది.

"నాకు రాదమ్మా" అంది ఆమె. నలభై ఏళ్ళ రహస్యం ఎంత తేలిగ్గా బయటికొచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

"నాకు తెలుసులే. నాకు మాత్రం వచ్చా? నలభై ఆరేళ్ళు ఎదురుగా నిలబడి చూశాను. ఊఁ, ఎత్తు."

ఎత్తారు. గుడ్డ గాలి మింగి ఇంతెత్తున లేచి నిలబడింది. దాని కిందికి పరుగెత్తాలని ఆమె కాళ్ళు లాగాయి. ఆగింది. అవతలి కొసలో తెలుపు వెనక అమ్మ కనపడడం లేదు, గొంతే వినిపిస్తోంది.

"గాలి పోనివ్వు. తొందరేం లేదు."

మూడుసార్లు వంకర వచ్చింది. మూడుసార్లు విప్పారు. నాలుగోసారి ఇద్దరూ అంచులు పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడిచారు. మధ్యలో కలిసినప్పుడు అమ్మ వేళ్ళు ఆమె వేళ్ళకి తగిలి, అంచు చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళాయి. మడత మడతకీ అలాగే. ఇన్నేళ్ళూ ఈ గుడ్డ మీద అమ్మానాన్నల చేతులు ఎన్నిసార్లు కలిసి ఉంటాయో అని ఆమె అప్పుడే మొదటిసారి ఆలోచించింది.

మూట అంత చదరంగా రాలేదు. ఒక మూల కాస్త ఉబ్బింది. నాన్నయితే ఒప్పుకునేవాడు కాదేమో. అమ్మ చుట్టూ తిరిగి చూసి, ఉబ్బిన మూల మీద ఒక దెబ్బ వేసి, ఫరవాలేదంది. చీటీ మీద మొదటి సంతకం అమ్మ పెట్టింది. కలం కూతురికిచ్చింది. రెండో గీత మీద ఆమె సంతకం పెట్టింది. నాన్న రాసిన పాత చీటీని అమ్మ కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.

మందిరం పెద్ద అంతసేపూ మెట్ల మీదే తచ్చాడుతున్నాడు.

"అమ్మగారూ, ఇవాళే అడగడం బాగోదు గానీ... వెనక వీధిలో రొట్టెల బట్టీ వాళ్ళింట్లో గురువారం నిశ్చితార్థమట. పెద్దగొడుగు ఇస్తారేమోనని..."

తమ్ముడు, ఆమె ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ మూట మీద చెయ్యి వేసి ఉంది. ఒక్క క్షణం ఆ చెయ్యి బిగిసింది. తర్వాత మూటని మెల్లగా ఆయన వైపు నెట్టింది.

"తీసుకెళ్ళండి. మడిచేటప్పుడు మాత్రం నన్ను పిలవండి" అంది. ఆయన నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక నుంచి కేకేసింది. "రానంటే ఇంకోసారి పిలవండి."